చదరంగంలో చేజారిన గెలుపు, కీలక తప్పిదం

గెలిచే స్థితికి చేరిన ఆటగాడు సరైన ఎత్తు కనిపెట్టలేక ఆ ఆటను డ్రాతోనో ఓటమితోనో ముగిస్తే, చదరంగంలో దాన్ని చేజారిన గెలుపు అంటారు. ఆట ఫలితాన్ని ఒక్కసారిగా మార్చేసే తప్పుడు ఎత్తును కీలక తప్పిదం అంటారు. ఆట ముగిశాక ఎత్తుల పట్టీని ముందు పెట్టుకుని ఈ రెండింటినీ గుర్తించడం, అవి ఎందుకు జరిగాయో తేల్చడం ఆట విశ్లేషణలో ప్రధానమైన పని. తెలుగు ఆటగాళ్ల చరిత్రలో కీలక తప్పిదానికి అన్నిటికన్నా ప్రసిద్ధమైన ఉదాహరణ 2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో దొమ్మరాజు గుకేశ్, చైనా ఆటగాడు డింగ్ లిరెన్ మధ్య జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ 14వ ఆట. 54 ఎత్తుల దాకా డ్రా వైపు నడిచిన ఆ ఆట 55వ ఎత్తులో తలకిందులైంది.

గుర్తులు, కొలతలు

ఎత్తుల మంచిచెడ్డలు చెప్పడానికి వ్యాఖ్యాతలు ప్రపంచమంతటా ఒకే గుర్తులు వాడతారు. మంచి ఎత్తుకు !, అద్భుతమైన ఎత్తుకు !!, తప్పుకు ?, ఘోర తప్పిదానికి ??, సందేహాస్పదమైన ఎత్తుకు ?!, ఆసక్తికరమైన సాహసానికి !? రాస్తారు. సిద్ధాంతపరంగా ఏ స్థితికైనా మూడే ఫలితాలు ఉంటాయి: తెల్లపావుల గెలుపు, నల్లపావుల గెలుపు, డ్రా. స్థితిని ఒక ఫలితం నుంచి మరో ఫలితానికి దిగజార్చే ఎత్తే అసలైన తప్పిదం. ఆధిక్యం కొంచెం తగ్గినా ఫలితం మారకపోతే దాన్ని బలహీనమైన ఎత్తు అనడమే న్యాయం. ఈ తేడా పాటించని విశ్లేషణలో చిన్న లోపాలు పెద్దవిగా కనిపిస్తాయి, అసలు మలుపు మరుగున పడుతుంది.

ఈ వ్యాసంలో పావులకు తెలుగులో వాడుకలో ఉన్న పేర్లే వాడుతున్నాం: రాజు, మంత్రి, ఏనుగు, శకటు, గుర్రం, బంటు. ఏనుగు అంటే రూక్, శకటు అంటే ఐమూలగా కదిలే బిషప్.

సింగపూర్ పోటీ నేపథ్యం

గుకేశ్ 2006 మే 29న చెన్నైలో తెలుగు కుటుంబంలో పుట్టాడు. 2019 జనవరిలో, 12 ఏళ్ల 7 నెలల వయసులో గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. 2024 ఏప్రిల్‌లో టొరంటోలో జరిగిన క్యాండిడేట్స్ టోర్నమెంట్‌ను 14 ఆటల్లో 9 పాయింట్లతో గెలిచి ప్రపంచ చాంపియన్‌ను సవాలు చేసే హక్కు సంపాదించాడు. ఆ టోర్నమెంట్ కూడా చేజారిన గెలుపులతోనే తేలింది. ఏడో రౌండ్‌లో అలీరెజా ఫిరూజాతో ఆడుతూ గుకేశ్ సమయం చాలక మంచి స్థితిని పోగొట్టుకుని ఓడాడు. చివరి రౌండ్‌లో ఫాబియానో కరువానా, ఇయాన్ నెపోమ్నియాషి ఆటలో కరువానాకు గెలిచే అవకాశాలు వచ్చినా ఆట డ్రా అయింది. కరువానా గెలిచి ఉంటే గుకేశ్ అతనితో టైబ్రేక్ ఆడాల్సి వచ్చేది.

నవంబర్ 25న సింగపూర్‌లో మొదలైన చాంపియన్‌షిప్ పోటీలో 14 ఆటలు నిర్ణయించారు. ముందుగా ఏడున్నర పాయింట్లు తెచ్చుకున్నవారిదే కిరీటం. ఒక్కొక్కరికి మొదటి 40 ఎత్తులకు రెండు గంటలు, ఆ తర్వాత అరగంట ఇచ్చారు. 41వ ఎత్తు నుంచి ఎత్తుకు 30 సెకన్లు అదనం. తొలి 40 ఎత్తులకు అదనపు సెకన్లు లేకపోవడంతో ఈ పోటీలో గడియారం నిర్ణాయకమైంది. మొదటి ఆట డింగ్, మూడో ఆట గుకేశ్ గెలిచారు. మూడో ఆటలో డింగ్ సమయం అయిపోయి ఓడాడు. డిసెంబర్ 8న జరిగిన 11వ ఆటలో డింగ్ 28వ ఎత్తుగా మంత్రిని సి8కు తెచ్చాడు. గుకేశ్ తన మంత్రితో సి6లోని గుర్రాన్ని తీసేయగానే డింగ్ ఓటమి ఒప్పుకున్నాడు. మర్నాడే డింగ్ గెలిచి 6-6తో సమం చేశాడు. 13వ ఆట డ్రా అయింది. 14వ ఆట కూడా డ్రా అయితే పోటీ ర్యాపిడ్ టైబ్రేక్‌కు వెళ్లేది, ఆ వేగంలో డింగ్‌కే మొగ్గు అని చాలామంది భావించారు.

14వ ఆట నడక

తెల్లపావులతో డింగ్ గుర్రాన్ని ఎఫ్3కు తెచ్చి ఆట మొదలుపెట్టాడు. శకటును జి2లో నిలిపి పొడవాటి ఐమూల మీద ఒత్తిడి తెచ్చాడు. గుకేశ్ మధ్య గళ్లలో చోటు సంపాదించాడు. 20వ ఎత్తులో డింగ్ గుర్రాన్ని ఎఫ్4కు పంపడంతో పావుల మార్పిడి మొదలైంది. మంత్రి వైపున తెల్లపావులకు ముందుకు సాగే బంటు ఉంది, గెలుపు ప్రయత్నానికి అది ఆధారం కాగలిగేది. డింగ్ ఆ దారి పట్టలేదు. 28వ ఎత్తులో మంత్రుల మార్పిడికి సిద్ధపడి, 29వ ఎత్తులో ఆ బంటును బి4కు నెట్టి వదులుకున్నాడు.

మంత్రులు పోయాక బోర్డు మీద రాజులతో పాటు రెండేసి ఏనుగులు, ఒక్కొక్క శకటు, రాజు వైపు బంట్లు మిగిలాయి. నల్లపావులకు మూడు బంట్లు, తెల్లపావులకు రెండు. కాసేపటికి ఒక జత ఏనుగులు కూడా పోయాయి. బంట్లన్నీ ఒకే వైపు ఉన్నప్పుడు, ఏనుగులు బోర్డు మీద ఉన్నంతవరకు ఒక బంటు లోటును కాపాడుకోవచ్చని అనుభవం చెబుతుంది. డింగ్ లెక్క అదే. ఆ లెక్క తప్పు కాదు. కాని గెలుపు కోసం వెతకాల్సిన పని అంతటితో గుకేశ్‌కు మిగిలింది, ప్రతి ఎత్తుకూ కాపు కాయాల్సిన పని డింగ్‌కు మిగిలింది.

గుకేశ్ తొందరపడలేదు. రాజును హెచ్6 మీదుగా జి5 దాకా నడిపించాడు, బంట్లను ఒక్కొక్కటిగా ముందుకు జరిపాడు. 46వ ఎత్తులో మార్పిడి జరిగాక తెల్లవైపు జి3లో ఒక బంటు, నల్లవైపు ఎఫ్5, జి4 గళ్లలో రెండు బంట్లు మిగిలాయి. 53వ ఎత్తులో డింగ్ తన శకటును ఎ8 మూలకు పంపాడు. 54వ ఎత్తులో ఏనుగును ఎఫ్4లో పెట్టాడు. గుకేశ్ రాజును ఇ5కు తెచ్చి ఆ ఏనుగు మీద గురిపెట్టాడు. జి3 బంటు కాపు ఉంది కాబట్టి ఏనుగు కదలాల్సిన అవసరం లేదు. కదిలినా నాలుగో అడ్డవరుసలోనే ఎ4కు వెళితే సరిపోయేది. డింగ్ దాన్ని ఎఫ్2కు వెనక్కి తెచ్చి, బి2లోని నల్ల ఏనుగుకు మార్పిడి చూపించాడు. ఆట చరిత్రలో ?? గుర్తు పడింది ఆ ఎత్తుకే.

ఎఫ్2 ఎత్తు ఎందుకు ఓడింది

గుకేశ్ ఏనుగుతో ఏనుగును తీశాడు, డింగ్ రాజుతో తిరిగి తీసుకున్నాడు. 56వ ఎత్తుగా గుకేశ్ తన శకటును ఇ6 నుంచి డి5కు తెచ్చాడు. ఎ8 మూలలో ఉన్న తెల్ల శకటుకు ఒకే ఐమూల ఉంది, దాని మధ్యలో నల్ల శకటు వచ్చి నిలబడింది. దానికి వెనక ఇ5లోని రాజు కాపు. తెల్ల శకటు బి7కో సి6కో జరిగినా నల్ల శకటు దాన్ని తీసేస్తుంది. కాబట్టి మార్పిడికి ఒప్పుకోవడం తప్ప దారి లేదు.

శకట్లు కూడా పోయాక మిగిలింది రాజులు, బంట్లు మాత్రమే. 58వ ఎత్తులో డింగ్ రాజు ఇ3కు వచ్చాడు, గుకేశ్ రాజు ఇ5కు వచ్చి సరిగ్గా ఎదురు నిలిచాడు. ఇప్పుడు కదలాల్సింది తెల్లరాజు. అతను డి3 వైపు వెళితే నల్లపావులు ఎఫ్-బంటును ఎఫ్4కు నెట్టి మార్పిడి చేసి జి-బంటుతో గెలుస్తాయి. ఎఫ్2 వైపు వెనక్కి తగ్గితే నల్లరాజు డి4 నుంచి చుట్టు తిరిగి లోపలికి దూరి జి3 బంటును పట్టుకుంటాడు. ఎటు వెళ్లినా ఓటమే అని చూసి డింగ్ ఆట వదిలేశాడు. ఏడున్నర, ఆరున్నర తేడాతో గుకేశ్ 18 ఏళ్ల వయసులో 18వ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. 1985లో 22 ఏళ్ల వయసులో కిరీటం గెలిచిన గ్యారీ కాస్పరోవ్ కంటే చిన్న వయసులో వివాదం లేని ప్రపంచ కిరీటం గెలిచిన మొదటివాడు అతనే.

తప్పు ఎక్కడ మొదలైంది

55వ ఎత్తు దగ్గరే ఆగితే విశ్లేషణ సగమే అవుతుంది. ఎ8లోకి వెళ్లిన శకటు ఆ క్షణంలో ఓడలేదు, కాని తన దారులన్నీ మూసుకుంది. అదే శకటు బి7లో ఉండి ఉంటే డి5 ఎత్తుకు జవాబుగా సి8కు తప్పుకుని ఎఫ్5 బంటు మీద గురిపెట్టగలిగేది, బలవంతపు మార్పిడి జరిగేది కాదు. అంటే 55వ ఎత్తుకు కావలసిన ప్రమాదం 53వ ఎత్తులోనే సిద్ధమైంది. అంతకు ముందు 29వ ఎత్తులో బంటును వదులుకోవడం వల్ల ఆట డ్రా కోసం మాత్రమే ఆడే ఆటగా మారింది. దీనికి తోడు గడియారం ఉంది. ఆ దశలో డింగ్‌కు మిగిలిన సమయం గుకేశ్‌కు మిగిలినదానికంటే చాలా తక్కువ. పావులు తగ్గితే భారం తగ్గుతుందన్న ఆలోచన అలసిన ఆటగాడికి సహజంగా వస్తుంది. చివరి దశలో ప్రతి మార్పిడికీ ముందు మిగిలే బంట్ల ఆటను లెక్కపెట్టి తీరాలన్న నియమం అందుకే పుట్టింది.

ఈ ఆటలో మరో పాఠం గుకేశ్ వైపు ఉంది. డింగ్ ఎఫ్2 ఎత్తు వేసినప్పుడు తనకు వెంటనే అర్థం కాలేదని, ముందు ఏనుగును బి3కు జరపబోయానని అతను ఆట తర్వాత చెప్పాడు. ఆ ఎత్తు వేసి ఉంటే ఈ ఆట కీలక తప్పిదంగా కాకుండా, ఇద్దరూ చూడని అవకాశంగా పట్టికల్లో మిగిలేది. ఎదుటివాడి తప్పును గెలుపుగా మార్చడం వేరే నైపుణ్యం. ఎత్తు వేసే ముందు ఒక్క క్షణం ఆగి బోర్డును కొత్తగా చూడడం వల్లే అది సాధ్యమైంది.

అదే కాలపు ఇతర ఉదాహరణలు

సింగపూర్ పోటీలో గుకేశ్ కూడా గెలుపులు జారవిడిచాడు. 72 ఎత్తులు, ఐదు గంటలకు పైగా సాగిన ఏడో ఆటలో అతనికి స్పష్టమైన ఆధిక్యం వచ్చినా డింగ్ తప్పించుకున్నాడు. ఎనిమిదో ఆటలో అవకాశాలు ఇద్దరికీ వచ్చి ఇద్దరి చేతుల్లోంచీ పోయాయి. 13వ ఆటలో డింగ్ ఏనుగును ఎఫ్8కు తెచ్చే ఒకే ఒక్క రక్షణ కనిపెట్టి నిలిచాడు. గుకేశ్ బృందంలో గుంటూరు గ్రాండ్‌మాస్టర్, 2004 ప్రపంచ జూనియర్ చాంపియన్ పెంటేల హరికృష్ణ కూడా పనిచేశాడని గెలుపు తర్వాత వెల్లడైంది.

2025 జూన్ 1న నార్వేలోని స్టావాంగర్‌లో మాగ్నస్ కార్ల్‌సన్ గుకేశ్ మీద దాదాపు గెలిచిన ఆటను సమయం ఒత్తిడిలో పోగొట్టుకున్నాడు. 52వ ఎత్తులో గుర్రాన్ని ఇ2కు పంపి రాజుకు చెక్ చెప్పడం ఆ ఆటలో కీలక తప్పిదం. కార్ల్‌సన్ పిడికిలితో బల్ల గుద్దిన దృశ్యం ప్రపంచమంతా చూసింది. గుకేశ్ ఆ ఆటలో చేసిందల్లా ప్రతి ఎత్తులో ప్రత్యర్థికి ఒక కొత్త సమస్య పెట్టడం.

ఆ జులైలో జార్జియాలోని బటూమీలో జరిగిన మహిళల ప్రపంచ కప్ ఫైనల్ తెలుగువారికి ఇంకోలా గుర్తుండిపోయింది. గుడివాడలో పుట్టి 2002లో 15 ఏళ్ల వయసులో గ్రాండ్‌మాస్టర్ అయిన కోనేరు హంపి, నాగ్‌పూర్‌కు చెందిన 19 ఏళ్ల దివ్య దేశ్‌ముఖ్‌తో తలపడింది. రెండు క్లాసికల్ ఆటలు డ్రా అయ్యాయి. జులై 28న టైబ్రేక్‌లో తొలి ర్యాపిడ్ ఆట కూడా డ్రా అయింది. రెండో ఆట 75 ఎత్తులు సాగింది. సెకన్ల మీద నడిచిన చివరి దశలో ఇద్దరూ తప్పులు చేశారు, ఆధిక్యం చేతులు మారింది, చివరి తప్పు హంపి వైపు పడింది. 2019లోనూ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ కిరీటం గెలిచిన ఆటగత్తెకు కూడా అలసట, గడియారం ఒకేసారి ఎదురైతే ఏం జరుగుతుందో ఈ ఆట చూపిస్తుంది.

చరిత్రలో ప్రసిద్ధ తప్పిదాలు

ప్రపంచ చాంపియన్‌షిప్ చరిత్రలో ఇలాంటి క్షణాలు కొత్త కాదు. 1892లో హవానాలో విల్‌హెల్మ్ స్టైనిట్జ్‌తో ఆడుతూ మిఖాయిల్ చిగోరిన్ గెలిచే స్థితిలో రక్షణగా ఉన్న శకటును పక్కకు తీశాడు. రెండు ఎత్తుల్లో ఆట కట్టు తప్పని స్థితి వచ్చింది, పోటీ కూడా అక్కడే ముగిసింది. 1951లో మిఖాయిల్ బోట్విన్నిక్ మీద ఆరో ఆటలో డేవిడ్ బ్రాన్‌స్టీన్ డ్రా స్థితిలో రాజును సి2కు జరిపి ఓడాడు. ఆ పోటీ 12-12తో సమమై కిరీటం బోట్విన్నిక్ దగ్గరే ఉండిపోయింది.

జంట తప్పిదానికి ఉదాహరణ 2014 సోచి పోటీ ఆరో ఆట. కార్ల్‌సన్ 26వ ఎత్తుగా రాజును డి2కు జరిపాడు. విశ్వనాథన్ ఆనంద్ గుర్రంతో ఇ5 బంటును తీసుకుని ఉంటే ఆట నల్లపావుల వైపు తిరిగేది. ఆనంద్ దాన్ని గమనించకుండా ఎ-బంటును ముందుకు నెట్టి, ఆట ఓడిపోయాడు. డ్రా చేయగల స్థితిలో ఆట వదిలేయడం మరో రకం. 1997లో డీప్ బ్లూ కంప్యూటర్‌తో రెండో ఆటలో కాస్పరోవ్ అలాగే వదిలేశాడని తర్వాతి విశ్లేషణలు చెప్పాయి. 2006లో బాన్‌లో డీప్ ఫ్రిట్జ్‌తో ఆడుతూ వ్లాదిమిర్ క్రామ్నిక్ ఒక్క ఎత్తులో ఆట కట్టే ప్రమాదాన్ని చూడలేదు.

వీటన్నిటిని పక్కపక్కన పెట్టి చూస్తే కారణాలు నాలుగు తేలతాయి. ఒకటి, ప్రత్యర్థి వేసిన ఎత్తు మంచిదే అయి ఉంటుందన్న నమ్మకం. రెండు, స్థితి సులువైపోయిందన్న నిశ్చింత. మూడు, గడియారం. నాలుగు, రాజు-బంటు ఆటల వంటి ప్రాథమిక ముగింపులు అవసరమైన క్షణంలో గుర్తుకు రాకపోవడం.

విశ్లేషణ పద్ధతి

శ్రద్ధగా చేసే విశ్లేషణ మనిషి ఆలోచనతో మొదలవుతుంది. ఎత్తుల పట్టీలో ప్రతి ఎత్తు పక్కన మిగిలిన సమయం రాసుకోవాలి. ఎక్కడ సందేహించాం, ఏ ఎత్తును వదులుకున్నాం, ప్రత్యర్థి నుంచి ఏం ఊహించాం అన్నవి జ్ఞాపకం చెరగకముందే నమోదు చేయాలి. కంప్యూటర్ పని ఆ తర్వాతే. 2008లో మొదలైన స్టాక్‌ఫిష్ ఉచితంగా దొరికే అత్యంత బలమైన ఇంజిన్లలో ఒకటి. అది ఎత్తుకు అంకె ఇస్తుంది, ఆ ఎత్తు వైపు చేయి ఎందుకు వెళ్లిందో చెప్పదు.

ముగింపు దశలకు మరో సాధనం ముగింపు పట్టికలు. రాజులతో సహా ఏడు పావుల దాకా ఉన్న స్థితులన్నిటినీ కంప్యూటర్లు పూర్తిగా లెక్కగట్టాయి. సింగపూర్ ఆటలో 55వ ఎత్తుకు ముందు బోర్డు మీద తొమ్మిది పావులున్నాయి, అది ఈ పట్టికలకు అందని స్థితి. ఏనుగులు పోగానే ఏడు, శకట్లు పోగానే ఐదు మిగిలాయి. అక్కడి నుంచి నల్లపావుల గెలుపు అంచనా కాదు, గణితంగా రుజువైన నిజం. మార్పిడి ముందు ఆగి ఆలోచించాలన్న మాటకు ఇంతకంటే సూటి సాక్ష్యం ఉండదు.

అనంతపురం వంటి కరువు ప్రాంతాల్లో చదరంగం

ఇలాంటి విశ్లేషణ నేర్చుకోవడానికి పెద్ద వసతులు అక్కర్లేదు, కరువు ప్రాంతాల్లోనూ అది సాధ్యమే. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురిసే అనంతపురం పీఠభూమి దేశంలో అతి తక్కువ వర్షం పడే ప్రాంతాల్లో ఒకటి. ఆటల కోసం పచ్చిక మైదానాన్ని ఏడాది పొడవునా నిలుపుకోవడం ఇక్కడ ఖరీదైన పని. చదరంగానికి నీళ్లు అక్కర్లేదు, ఒక బోర్డు, ఒక కాగితం, ఒక ఫోను చాలు. ఇలా ఆలోచించి ఆడే ఆటలు రాయలసీమ పల్లెలకు కొత్త కూడా కాదు. మూడు పులులు, పదిహేను మేకలతో ఆడే పులి-మేక గళ్లు గుడి మంటపాల బండల మీద, రచ్చబండల మీద చెక్కి కనిపిస్తాయి. ఏ మేకను ఎక్కడ తప్పుగా జరిపితే పులి దూకిందో ఆట అయ్యాక తేల్చుకోవడం కూడా ఒక రకం విశ్లేషణే.

గుకేశ్, హంపి, హరికృష్ణ, 2012, 2015, 2017 మహిళల ప్రపంచ చాంపియన్‌షిప్‌లలో కాంస్యం గెలిచిన ద్రోణవల్లి హారిక, వరంగల్‌కు చెందిన ఎరిగైసి అర్జున్, వీళ్లందరి ఆటల పట్టీలు ఉచితంగా దొరుకుతున్నాయి. బడుల్లో చదరంగం నేర్పే ఉపాధ్యాయులు పిల్లలకు గెలిచిన ఆటలతో పాటు ఓడిన ఆటలను కూడా పట్టీలో రాయించాలి. ఆట పోయిన ఎత్తును మాత్రమే కాక, దానికి రెండు మూడు ఎత్తుల ముందు మూసుకున్న దారిని కూడా వాళ్ల చేత వెతికించాలి. ప్రపంచ చాంపియన్‌షిప్ 14వ ఆట నేర్పే పాఠం అదే: చివరి తప్పు అందరికీ కనిపిస్తుంది, దాన్ని సాధ్యం చేసిన మొదటి తప్పును కనిపెట్టినవాడే మెరుగవుతాడు.